బుడమేటి గట్టు నుంచి అంతర్జాతీయ పర్యావరణ న్యాయం

మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు వెలగలేరు రెగ్యులేటరు దగ్గర రెండు దారులు పడుతుంది. మళ్లింపు కాలువలోకి వదిలిన నీళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసి, విజయవాడలోని భవానీపురం ఒడ్డు వెంట ప్రకాశం బ్యారేజీకి చేరతాయి. పాత దారిన పోయేవి విజయవాడ ఉత్తరపు పేటల పక్కగా సాగి కొల్లేట్లో పడతాయి, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో గట్టుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం మునిగినప్పుడు ఈ ఏటి పేరు దేశమంతా విన్నది. అవే రోజుల్లో బ్యారేజీ గేట్ల నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు పోయింది. ఆక్రమణలు ఎవరివి, గట్లు ఎందుకు బాగుచేయలేదు, ముందుగా ఎందుకు చెప్పలేదు అని జనం అడిగారు. అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. న్యాయశాస్త్రంలో పీజీ చేస్తున్న విద్యార్థి వీటికి మరొకటి చేర్చాలి. ఈ ఏరు చేరే కొల్లేరు 2002 ఆగస్టు నుంచి రామ్‌సర్ ఒడంబడిక జాబితాలో ఉంది. అంటే ఆ సరస్సు సహజ లక్షణం చెడకుండా చూస్తామని భారతదేశం ప్రపంచానికి మాట ఇచ్చింది. ఆ మాట సరస్సు గట్టు దగ్గరే ఆగిపోతుందా, సరస్సులో పడే ఏటికీ వర్తిస్తుందా?

ఇలాంటి ప్రశ్న వేసి, దాన్ని చట్టం భాషలో తేల్చుకోగల శక్తిని అంతర్జాతీయ పర్యావరణ న్యాయంలో మన పీజీ చదువు ఇస్తోందా అన్నదే ఈ సమీక్ష.

భవానీపురంలో ఉండి ఈ చదువు కోరుకునేవారికి దారులు తక్కువేమీ కావు. వారధి దాటితే నాగార్జున విశ్వవిద్యాలయం. రైలెక్కితే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆ పక్కనే సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట నల్సార్. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు పీజీఎల్‌సెట్, జాతీయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ రాయాలి. యూజీసీ 2012లో ఏడాది ఎల్‌ఎల్‌ఎంకు వీలు కల్పించాక జాతీయ సంస్థలు చాలావరకు ఆ దారి పట్టాయి. ఏడాది చదువు చేతి ఖర్చుకు తేలిక, కానీ లోతైన పరిశోధనకు వ్యవధి చాలదు. బయటి దేశాలకు పోదలచినవారికి అమెరికాలో వెర్మాంట్, పేస్ న్యాయ కళాశాలలు పర్యావరణ న్యాయానికి పేరున్నవి. బ్రిటన్‌లో ఏడాది చదువుకు చెవెనింగ్ ఉపకార వేతనం ఉంది. ఎకరం అమ్మి పంపించే ముందు తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ పట్టా పుచ్చుకున్నవాడికి ఇంజనీరింగ్ పట్టాలాగా మరునాడే ఉద్యోగం ఎదురుచూస్తూ ఉండదు. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం ముందు వకాల్తా, పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు రాసే సంస్థలు, ఎగుమతి కంపెనీల నిబంధనల విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు, అధ్యాపకత్వం. బతుకుతెరువు వీటిలో ఎక్కడో ఒకచోట నెమ్మదిగా కుదురుకుంటుంది.

పాఠ్యప్రణాళిక ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకటే. 1972 స్టాక్‌హోమ్ సదస్సుతో మొదలై, 1992 రియో, 1997 క్యోటో, 2002 జోహనెస్‌బర్గ్ దాటి, 2015 పారిస్ ఒప్పందంతో ముగుస్తుంది. నడుమ ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం, సుస్థిరాభివృద్ధి, ఉమ్మడివే అయినా తేడాలున్న బాధ్యతలు. చివరి యూనిట్‌లో భారతదేశం. విద్యార్థి అక్కడికి చేరేసరికి సెమిస్టర్ అయిపోతుంది. డిసర్టేషన్లు కూడా ఈ వరుసలోనే నడుస్తాయి: నాలుగు అధ్యాయాలు ఒడంబడికల చరిత్ర, ఐదో అధ్యాయంలో పది తీర్పుల పేర్లు, ఆఖర్న సూచనలు. ఒక్క కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రమైనా, ఒక్క గెజిట్ నోటిఫికేషనైనా, ఒక్క ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ అయినా తెరవకుండానే పట్టా చేతికి వస్తుంది. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. ఎందుకంటే ఈ న్యాయం మన దేశంలోకి వచ్చిన దారి వేరు.

రాజ్యాంగం 51వ అధికరణం అంతర్జాతీయ న్యాయాన్ని గౌరవించాలని చెబుతుంది. 253వ అధికరణం ఒడంబడికల అమలుకు చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇస్తుంది. 1981 వాయు చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం రెండూ తమ పీఠికల్లో స్టాక్‌హోమ్ సదస్సును పేర్కొన్నాయి. అయితే ఆ సదస్సు మాటలకు ప్రాణం పోసింది ఎక్కువగా న్యాయస్థానాలే, వాటిలోనూ తెలుగు న్యాయమూర్తుల చేయి చాలా పెద్దది. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, హైదరాబాద్ ప్రణాళికలో విహారస్థలంగా చూపిన భూమిలో ప్రభుత్వ సంస్థలు ఇళ్లు కట్టబోతే ఆపారు. 21వ అధికరణంలోని జీవించే హక్కులో ప్రకృతి సమతుల్యతను కాపాడుకోవడం కూడా ఉందన్నారు, స్టాక్‌హోమ్ ప్రకటనను ప్రస్తావించారు. 1996లో రాజస్థాన్ బిఛ్రీ గ్రామపు బావుల్ని రసాయనాలు పాడుచేసిన కేసులో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కాలుష్యం చేసినవాడే బాగుచేసే ఖర్చూ భరించాలని తేల్చారు. 1997 సమత కేసులో జస్టిస్ కె. రామస్వామి గిరిజన ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవంటూ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి హక్కు ప్రకటనను ఆసరాగా తీసుకున్నారు.

వీటిలో పీజీ విద్యార్థి వాక్యం వాక్యం చదవాల్సింది జస్టిస్ ఎం. జగన్నాధరావు 1999లో రాసిన ఎం.వి. నాయుడు తీర్పు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు వద్దని ఉన్నా, ఆ పరిధిలో నూనె ఉత్పత్తుల కర్మాగారం పెట్టబోయారు. ప్రమాదం లేదని ఒక నిపుణుడి నివేదిక, ఉందని మరొకటి. సైన్సు తేల్చి చెప్పలేని చోట న్యాయమూర్తి ఏం చేయాలి? ముందుజాగ్రత్త సూత్రం ఎలా పుట్టిందో, హాని జరగదని రుజువు చేయాల్సిన భారం పరిశ్రమ పెట్టేవాడి మీద ఎందుకు పడాలో ఆ తీర్పు ఓపికగా విప్పి చెబుతుంది. శాస్త్రవేత్తలు కూడా కూర్చునే పర్యావరణ కోర్టులు కావాలని అక్కడే అన్నారు. తర్వాత ఆయనే లా కమిషన్ అధ్యక్షుడిగా 2003లో 186వ నివేదిక ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. ఒక చెరువు పక్క ఫ్యాక్టరీ తగాదా నుంచి దేశానికో ట్రిబ్యునల్ వరకూ సాగిన ఈ దారిని తరగతిలో రెండు వాక్యాల్లో ముగించడం విద్యార్థికి అన్యాయం.

అంతర్జాతీయ వేదికల మీద కూడా మనవాళ్లు ప్రేక్షకులుగా కూర్చోలేదు. ఒక దేశం గడ్డ మీద జరిగే ప్రమాదకర పనుల వల్ల పొరుగు దేశానికి హాని రాకుండా చూడటం ఎలా అన్న విషయంపై ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 2001లో ముసాయిదా నియమాలు ఆమోదించింది. వాటికి ప్రత్యేక నివేదకుడు పెమ్మరాజు శ్రీనివాసరావు. ప్రమాదాన్ని ముందే అంచనా వేయాలి, పొరుగువాడికి చెప్పాలి, కలిసి మాట్లాడుకోవాలి అన్నవి ఆ నియమాల సారం. హాని జరిగిపోయాక నష్టాన్ని ఎవరు ఎలా పంచుకోవాలన్న 2006 సూత్రాలూ ఆయన కృషే. కృష్ణా జిల్లాలో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌లో 1996 నుంచి చాలా ఏళ్లు న్యాయమూర్తిగా పనిచేశారు. ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడే 2001 డిసెంబరులో మాక్స్ ప్లాంట్ ఉత్తర్వు వచ్చింది. బ్రిటన్ తీరంలోని అణు ఇంధన కర్మాగారం వల్ల తమ సముద్రం పాడవుతుందని ఐర్లండ్ పెట్టిన కేసు అది. ప్లాంటును ఆపమన్న కోరికను ట్రిబ్యునల్ మన్నించలేదు గానీ, రెండు దేశాలూ సమాచారం ఇచ్చిపుచ్చుకుని సహకరించుకోవాలని ఆదేశించింది. విజయవాడ న్యాయ కళాశాలల గ్రంథాలయాల్లో ఈ ఇద్దరి నివేదికలూ ఉత్తర్వులూ ఒక బీరువాగా ఉండాలి. చాలామంది విద్యార్థులు వీళ్ల పేర్లు కూడా వినకుండానే పట్టా తీసుకుంటున్నారు.

ఇప్పుడు కొల్లేటికి వద్దాం. కింది నుంచి పైకి చదవడమంటే ఏమిటో దీనంత బాగా చూపే ఉదాహరణ డెల్టాలో మరొకటి లేదు. 1999లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత వరకూ 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పటి నుంచీ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలన్న డిమాండ్ వినబడుతూనే ఉంది. ఆ డిమాండ్ వెనక జిరాయితీ భూములున్న రైతులున్నారు, చేపల మీదే బతికే వడ్డి కులస్తుల లంక గ్రామాలున్నాయి, వాళ్ల పేరు చెప్పుకుని వందల ఎకరాలు తవ్వించిన పెద్దలూ ఉన్నారు. ముగ్గురినీ ఒకే గాటన కట్టే వాదన ఏదైనా నేను ఒప్పుకోను.

సరే, చట్టం ఏమంటుంది? వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేకుండా అభయారణ్యం హద్దులు మార్చడం కుదరదు. ఇంతవరకూ చాలామంది చదువుతారు. ఆ తర్వాత పేజీ తిప్పాలి. రామ్‌సర్ జాబితాలో కొల్లేరు విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యానికి దాదాపు మూడింతలు! కాబట్టి కాంటూరు తగ్గించినంత మాత్రాన ప్రపంచానికి ఇచ్చిన మాట తగ్గిపోదు. ఒడంబడిక రెండో అధికరణం ఐదో ఖండిక ప్రకారం, అత్యవసర జాతీయ ప్రయోజనం ఉంటే దేశం ఒక చిత్తడి నేల హద్దుల్ని కుదించవచ్చు, కానీ ఆ సంగతి వీలైనంత త్వరగా తెలియజేయాలి. నాలుగో అధికరణం రెండో ఖండిక, అలా కుదిస్తే పోయినదానికి బదులుగా అక్కడో మరోచోటో పక్షులకు ఆవాసం కల్పించాలంటుంది. మూడో అధికరణం కాలుష్యం వల్లగానీ మనుషుల జోక్యం వల్లగానీ సరస్సు లక్షణం మారినా, మారబోతున్నా కబురు చెప్పాలంటుంది. ఆ లక్షణం మారేది సరస్సు లోపలి పనులతో మాత్రమే కాదు, పైనుంచి వచ్చే నీటితోనూ. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురుగు అందులో భాగమే. అంటే విజయవాడ మురుగునీటి శుద్ధి కేంద్రం లెక్కలు రామ్‌సర్ నివేదికలో ఉండదగిన లెక్కలు.

దీని మీద మంచి డిసర్టేషన్ రాయాలంటే ఎక్కడికి పోవాలి? కైకలూరు పోయి కాంటూరు రాళ్లు చూడాలి. 1999 నోటిఫికేషన్‌ను సర్వే నంబర్లతో సహా చదవాలి. దేశం రామ్‌సర్ సచివాలయానికి పంపిన సమాచార పత్రంతో పోల్చాలి. 2017 చిత్తడి నేలల నియమాలు పక్కన పెట్టుకోవాలి. ఒక సెమిస్టర్ సెలవుల్లో అయ్యే పనే ఇది. ఇలా రాసినవాడికి స్టాక్‌హోమ్ నుంచి మాంట్రియల్ దాకా మిగతా ఒడంబడికలు చదవడం వచ్చేస్తుంది, ఎందుకంటే అధికరణం నేల మీద ఎక్కడ కాలు మోపుతుందో ఒకసారి చూశాడు.

కొల్లేరు ఒక్కటే కాదు. 1996లో అమెరికా, తాబేళ్లు తప్పించుకునే వలలు వాడని దేశాల సముద్రపు రొయ్యలను నిషేధించింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు పెట్టాయి. 1998 అక్టోబరులో అప్పిలేట్ బాడీ రెండు మాటలు చెప్పింది. తాబేళ్లు తరిగిపోయే సహజ సంపదే, వాటి రక్షణకు వాణిజ్య ఆంక్షలు పెట్టవచ్చు. కానీ అమెరికా దేశానికో తీరున అమలు చేయడం వివక్ష. నాగాయలంక, సూర్యలంక ఇసుక తిన్నెల మీద ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి, కృష్ణా తీరం రొయ్యలు అమెరికా పళ్లేల్లోకి పోతాయి. చెరువులో పెంచిన వనామి రొయ్యకు ఆ వలల నిబంధన వర్తించదు, బోటు తెచ్చిన రొయ్యకు వర్తిస్తుంది. ఈ ఒక్క తేడా వెనకే వాణిజ్యం, జీవవైవిధ్యం, మత్స్యకారుల బతుకు మూడూ ముడిపడి ఉన్నాయి. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద ఇచ్చిన తీర్పును, దానికి ప్రతిగా 2005లో పార్లమెంటు తెచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టాన్ని దీని పక్కన పెట్టి చదివితే ఒక పేపరుకు సరిపడా విషయం.

భవానీపురం ఎదుట, నదికి ఆవలి ఒడ్డున అమరావతి. రాజధానికి ప్రపంచ బ్యాంకు అప్పు మాట వచ్చినప్పుడు, 2017లో కొందరు భూయజమానులు బ్యాంకు తనిఖీ సంఘానికి ఫిర్యాదు చేశారు. నర్మద ప్రాజెక్టు మీద రేగిన ఆందోళన దరిమిలా 1993లో ఏర్పడిన సంఘం అది. 2019 జులైలో భారత ప్రభుత్వం అభ్యర్థన వెనక్కి తీసుకోవడంతో బ్యాంకు తప్పుకుంది, మళ్లీ 2024 డిసెంబరులో 80 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. రాజధాని కావాలా వద్దా అన్న రాజకీయం పక్కన పెడితే, ఒక రైతు తన దేశపు కోర్టు గడప తొక్కకుండానే ఒక అంతర్జాతీయ సంస్థను దాని సొంత నియమాలతో నిలదీయగలగడం ఈ శాస్త్రంలో కొత్త అధ్యాయం. మన పాఠ్యపుస్తకాల్లో దానికి అర పేజీ కూడా లేదు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో కొరియా మాతృసంస్థ గల కర్మాగారం నుంచి స్టైరీన్ లీకై మనుషులు చనిపోయిన మరునాడే హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చేయమంది. మాతృసంస్థ బాధ్యత ఎంత, ఏ దేశపు కోర్టులో తేలాలి అన్న ప్రశ్నలకు పైన చెప్పిన 2006 సూత్రాలు కొంత వెలుగునిస్తాయి.

ఈ న్యాయానికి కోరలు లేవు, ఇది ధనిక దేశాలు పేద దేశాలకు చెప్పే నీతి అన్న విమర్శను తేలిగ్గా తీసేయకూడదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు భవానీపురానికి ఎంతో దూరం కాదు. ఆ కరెంటు మీద తన ఇంట్లో బల్బు వెలిగిన మొదటి తరం ఇంకా బతికే ఉంది. రెండు వందల ఏళ్లు బొగ్గు కాల్చి బాగుపడినవాళ్లు ఇవాళ అందరికీ ఒకే కొలత అంటే ఒప్పుకోవడం కష్టం. అందుకే బాధ్యతల్లో తేడాలుండాలన్న సూత్రం మనకు ప్రాణప్రదం. కానీ ఆ బూడిద చెరువు పక్కన ఉండేవాడి ఊపిరితిత్తుల మాట వచ్చేసరికి అదే సూత్రాన్ని అడ్డం పెట్టుకోవడం తప్పు. 2024 మార్చిలో రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పౌరుడి హక్కు అంది. 2025 జులైలో అంతర్జాతీయ న్యాయస్థానం, వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టపరమైన బాధ్యతేనని సలహా అభిప్రాయం ఇచ్చింది. కోరలు నెమ్మదిగా మొలుస్తున్నాయి.

మరో లోటు మీద నాకు గట్టి పట్టింపు ఉంది. రియో ప్రకటన పదో సూత్రం సమాచారం, భాగస్వామ్యం, న్యాయం మూడూ జనానికి అందాలంటుంది. మన 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. 2020లో కొత్త ముసాయిదాను 22 భాషల్లో ప్రచురించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ షామియానా కింద రైతు లేచి నిలబడినప్పుడు, వందల పేజీల ఇంగ్లిష్ నివేదికలో తన బోరు గురించి ఏం రాశారో అతనికి చెప్పగలవాడు కావాలి. అందుకే ఈ పీజీ కోర్సులో ప్రతి విద్యార్థీ ఒక ఈఐఏ నివేదికను పది పేజీల తెలుగులోకి కుదించడం మార్కులున్న పనిగా ఉండాలి. ఇప్పుడు సెమినార్ పేపర్లకు ఇస్తున్న మార్కుల్లో సగం దీనికి మళ్లించినా చాలు.

ఇక కృష్ణ. ఇది దేశాల మధ్య నది కాదు కాబట్టి అంతర్జాతీయ నదుల న్యాయంతో మనకేం పని అనుకోనక్కర్లేదు. 2018 కావేరి తీర్పులో సుప్రీంకోర్టు 1966 హెల్సింకి నియమాలను, ఆ తర్వాతి నియమాలను చర్చించింది. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో 2,060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచింది. డెల్టా ఆయకట్టుకు 181.20 టీఎంసీలు. ఈ లెక్కలో నదికి తన కోసమంటూ వాటా లేదు. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో మూడు రాష్ట్రాల వాటాల్లోనూ కొంత కనీస ప్రవాహానికి కేటాయించింది గానీ, ఆ అవార్డు సుప్రీంకోర్టు ఉత్తర్వుతో గెజిట్‌కెక్కకుండా ఆగిపోయింది. 2013లో పాకిస్తాన్‌తో కిషన్‌గంగ నది మీద రేగిన వివాదంలో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం మాత్రం డ్యామ్ దిగువకు కనీసం సెకనుకు 9 ఘనపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 318 క్యూసెక్కులు, వదలాలని భారతదేశాన్ని ఆదేశించింది. వేసవిలో బ్యారేజీ గేట్లు దించినప్పుడు దిగువన అవనిగడ్డ దాకా నది ఇసుకమేటగా మారుతుంది, సముద్రపు పోటు ఎగువకు జరుగుతుంది, హంసలదీవి వైపు బావులు ఉప్పెక్కుతాయి, మడ అడవులకు మంచినీటి పాలు తగ్గుతుంది. కిషన్‌గంగలో నది కోసం ఒక అంకె నిర్ణయించడానికి వాడిన పద్ధతిని ప్రకాశం బ్యారేజీకి అన్వయించి, అవనిగడ్డ దిగువకు ఏ నెలలో ఎన్ని క్యూసెక్కులు వదలాలో, ఆ నీళ్లు ఏ రాష్ట్రం వాటా నుంచి తీయాలో చట్టపరంగా వాదించే పని డెల్టా విద్యార్థి చేయదగింది. బచావత్ నివేదిక, కిషన్‌గంగ అవార్డు రెండూ ఎవరైనా చదువుకోవచ్చు. బ్యారేజీ రోజువారీ నీటి విడుదల లెక్కలు జలవనరుల శాఖ దగ్గర ఉంటాయి, సమాచార హక్కు కింద దరఖాస్తు చేసి అడగవచ్చు.